రీడ్ షెపర్డ్: మూడో పిక్ మీద ఇంకెంతకాలం ఓపిక పట్టాలి?

రాకెట్_రాజు | మే 5, 2025

నిన్నటి ఏడో ఆట చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నా. ఎన్‌బీఏలో మన హ్యూస్టన్ రాకెట్స్ 52 ఆటలు గెలిచింది, వెస్ట్‌లో రెండో స్థానం. తీరా ఏడో స్థానంలో వచ్చిన వారియర్స్ చేతిలో సొంత గడ్డ మీద 103-89. బడ్డీ హీల్డ్ తొమ్మిది త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేసి 33 పాయింట్లు కొట్టి పోయాడు. మనవాళ్లకేమో త్రీ పడటమే గగనం.

అదే సమయంలో మన బెంచ్ మీద ఎవరున్నారు? 2024 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) మూడో పిక్, షెపర్డ్. కెంటకీలో చదివిన ఒక్క ఏడాదిలో త్రీలు 52 శాతం వేసిన కుర్రాడు. షూటర్ కావాలనే కదా తెచ్చుకున్నాం! ఏడాదంతా కలిపితే ఆటకి 12 నిమిషాల పైచిలుకు, 4.4 పాయింట్లు, త్రీలు 33.8 శాతం. సిరీస్‌లో ఆడిన నిమిషాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సూటిగా అడుగుతున్నా. తప్పు ఎంపిక చేశామా? స్టార్ ఎవరైనా దొరికితే ఈ వేసవిలోనే ఇతన్ని కలిపి ట్రేడ్ చేసేయాలా? "ఓపిక పట్టండి" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయేవాళ్లు దయచేసి రావద్దు. ఎంతకాలం, దేనికోసం, ఏం చూసి పట్టాలో చెప్పండి.

---

బెంచ్‌మీద_బాబాయ్

ఓపిక పట్టండి.

(సరదాకి అన్నాలే రాజూ, అసలు జవాబు సాయంత్రం రాస్తా.)

---

డంక్_దొర

ట్రేడ్. ఇంకో మాట లేదు. మూడో పిక్ వాడు మొదటి ఏడాదిలోనే కనబడాలి. క్యాసిల్‌ని చూడండి, నాలుగో పిక్, రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) ఆఫ్ ది ఇయర్ తీసుకుపోయాడు. మనవాడు టవల్ ఊపడం తప్ప ఏం చేశాడు?

---

లెక్కల_లింగం

దొర గారూ, మార్చిలో ఓక్లహామా మీద 25 పాయింట్లు వేసినప్పుడు మీరే కదా ఇక్కడ పండగ చేసింది? ఆ తర్వాత కొద్ది రోజులకే బొటనవేలు విరిగింది. అది కూడా టవల్ ఊపుతూ విరిగిందంటారా?

ఇక రాజు అడిగిన 33.8 శాతం గురించి. ఒక చిన్న లెక్క చెప్తా, విసుక్కోకండి.

నిజంగా 35 శాతం వేయగల షూటర్ ఉన్నాడనుకోండి. అంటే లీగ్ సగటుకి కాస్త అటూ ఇటూ. అతను వరసగా ఎనిమిది తప్పడానికి అవకాశం వందలో మూడు. మరీ తక్కువ కదా? కానీ ఏడాదిలో 140 త్రీలు వేశాడంటే, ఎక్కడో ఒకచోట అలా ఎనిమిది వరసగా తప్పే అవకాశం వందలో డెబ్భై ఐదు దాకా పోతుంది. మరి ఆ ఎనిమిది మనకెలా కనబడతాయి? ఆటకి రెండో మూడో వేసేవాడికి అవి మూడు నాలుగు ఆటల మీదుగా పరుచుకుంటాయి. వారం రోజులు "వీడికి షాట్ పోయింది" అంటాం. అదే ఎనిమిది స్టెఫ్ కర్రీ లాంటి మేటి షూటర్ ఒక్క రాత్రిలో తప్పితే "ఈరోజు అతని రోజు కాదు" అని పడుకుంటాం.

140 త్రీలతో ఏ షూటర్ మీదా తీర్పు చెప్పలేం. కుర్రాడు గొప్పవాడని నేననట్లేదు. ఇంత తక్కువ చూసి గొప్పవాడనీ చెప్పలేం, పనికిరాడనీ చెప్పలేం అంటున్నా.

---

పిక్‌అండ్‌రోల్_పంతులు

లింగం గారి లెక్క సరే. కానీ మన కోచ్ ఉడోకా ఇతన్ని కూర్చోబెట్టింది షాట్ తప్పుతున్నాడని కాదు. దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

డిఫెన్స్‌లో వేటాడుతున్నారు బాస్.

ఇతను లోపలికి వచ్చిన మరుక్షణం అవతలివాళ్లు ఏం చేస్తారో చూడండి. వాళ్ల పెద్ద స్కోరర్ బాల్ పట్టుకుని పైన నిలబడతాడు. షెపర్డ్ ఎవరిని కాస్తున్నాడో చూసుకుని, ఆ ఆటగాడిని చేత్తో పిలుస్తాడు, "రా, వచ్చి స్క్రీన్ పెట్టు" అని, అంటే కాసేవాడి దారికి అడ్డంగా నిలబడమని. స్క్రీన్ పడుతుంది, మనవాళ్లు ఎవరిని ఎవరు కాయాలో మార్చుకుంటారు. ఇప్పుడు ఆరడుగుల రెండంగుళాల కుర్రాడి ఎదురుగా ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. సాయానికి ఇంకొకడు వస్తే కార్నర్‌లో ఖాళీ, రాకపోతే భుజం మీదుగా షాట్. రెండుసార్లు అలా అయ్యేసరికి కోచ్ ఇంకొకరిని లేపుతాడు.

కాలేజీలో ఈ బాధ ఇంతగా ఉండదు. అక్కడ జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా చోటుని కాయడం) వెనక దాక్కోవచ్చు, పైగా ఇతనికి బాల్ దొంగిలించే చెయ్యి బ్రహ్మాండంగా ఉంది. ఎన్‌బీఏలో డిఫెన్సివ్ మూడు సెకన్ల రూల్ వల్ల పొడుగువాడు రింగ్ కింద ఊరికే పాతుకుపోలేడు. అంచు మీద తప్పిన చిన్న గార్డ్‌కి వెనక కాపు ఉండదు. దొంగతనానికి చెయ్యి చాపి దొరక్కపోతే, అక్కడ కాలేజీలో రెండు పాయింట్లు పోతే పోయేవి, ఇక్కడ కోచ్ నమ్మకం పోతుంది.

కాబట్టి రాజూ, నువ్వు అడిగిన "ఏం చూసి" అన్నదానికి నా జవాబు: త్రీల శాతం చూడకు. స్క్రీన్ పడినప్పుడు అతని పాదాలు చూడు. అక్టోబర్‌లో స్క్రీన్‌కి గుద్దుకుని ఆగిపోయేవాడు. మార్చికి వచ్చేసరికి భుజం పక్కకి తిప్పి సందులోంచి దూరుతున్నాడు. బాక్స్ స్కోర్‌లో (ఆట అంకెల పట్టీలో) ఇది రాదు.

---

రాకెట్_రాజు

పంతులు గారూ, అయితే మన సీనియర్ గార్డ్ వ్యాన్‌వ్లీట్ ఇతనికంటే పొట్టి కదా? అతన్ని ఎందుకు వేటాడలేరు?

---

పిక్‌అండ్‌రోల్_పంతులు

వేటాడతారు. కానీ అతను ముందే చెప్పేస్తాడు. స్క్రీన్ వస్తోందని సెకను ముందు వెనక్కి అరుస్తాడు, మనిషిని మార్చుకుంటాడు, లేదా కింద నడుము పట్టి నిలబడతాడు. అది తొమ్మిదేళ్ల చదువు. 2016లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు అతన్ని. టొరంటోలో మొదటి ఏడాది సగటు 2.9 పాయింట్లు, మధ్యలో జీ లీగ్‌కి (ఎన్‌బీఏ కింది లీగ్, అప్పట్లో డీ లీగ్) వెళ్లొచ్చాడు కూడా. ఇప్పుడు షెపర్డ్‌కి గురువు పక్కనే కూర్చుని ఉన్నాడు, అది మాత్రం అదృష్టం.

---

పాత_లేకర్

రూకీ అనగానే నాకు 1997 మే నెల గుర్తొస్తుంది. మా లేకర్స్‌కి యూటా మీద ప్లేఆఫ్ ఐదో ఆట. ఓడితే ఇంటికే. హోరీని బయటికి పంపేశారు, షకీల్ ఓనీల్ ఆరు ఫౌల్స్ అయిపోయి బయటికి పోయాడు, బైరన్ స్కాట్‌కి దెబ్బ. మిగిలింది పద్దెనిమిదేళ్ల కోబీ బ్రయంట్. నాలుగో క్వార్టర్ చివర్లో ఒకటి, ఓవర్‌టైమ్‌లో మూడు, మొత్తం నాలుగు ఎయిర్‌బాల్స్. రింగ్‌కి కూడా తగల్లేదు. 98-93తో ఓడిపోయాం.

ఆ షాట్లు మళ్లీ చూడండి, నాలుగూ తిన్నగానే వెళ్లాయి. పక్కకి పోలేదు. పొట్టిగా పడ్డాయి. చేతిది కాదు లోపం, కాళ్లది. హైస్కూల్లో ఏడాదికి ముప్పై చిల్లర ఆటలు ఆడి వచ్చినవాడికి అక్టోబర్ నుంచి మే దాకా లాగితే కాళ్లలో ఏం మిగుల్తుంది? ఆ ఏడాది అతని సగటు 7.6, పదిహేను నిమిషాలు. అతన్ని షార్లెట్ పదమూడో పిక్‌తో తీసుకుని డివాక్ అనే మా ఆటగాడి కోసం మాకిచ్చేసింది.

మా ఇంట్లో ఆ రాత్రి "ఈ పిల్లాడికి అంత సీన్ ఎందుకు ఇచ్చాడయ్యా కోచ్" అని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నా. దాచుకోను.

---

డంక్_దొర

మళ్లీ కోబీ కథ. ప్రతి థ్రెడ్‌లో ఎవరో ఒకరు కోబీనో నాష్‌నో తెస్తారు. ఒక్క కోబీకి వంద మంది ఇంటికి పోయినవాళ్లుంటారు, వాళ్ల కథలు ఎవరూ చెప్పరు.

---

లెక్కల_లింగం

ఈ ఒక్కసారికి దొర గారితో ఏకీభవిస్తున్నా, తేదీ రాసుకోండి.

నిజమే. గెలిచినవాళ్లని వెనక్కి తిరిగి చూస్తే అందరి మొదటి ఏడాదీ ముచ్చటగా చెడ్డగానే ఉంటుంది. నాష్ 3.3, జిమ్మీ బట్లర్ 2.6. నోవిట్‌స్కీ లాకౌట్ ఏడాదిలో (యజమానులు ఆటలు ఆపేసి సీజన్ కుదించిన ఏడాది) వచ్చి త్రీలు వందకి 21 కూడా వేయలేదు. కానీ 2.6 వేసిన వాళ్లందరూ బట్లర్‌లు కాలేదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పేది 2013 డ్రాఫ్ట్. మొదటి పిక్ ఆంథొనీ బెనెట్. భుజానికి ఆపరేషన్ అయ్యి సమ్మర్ లీగ్ (కొత్త కుర్రాళ్ల వేసవి టోర్నీ) ఆడకుండా వచ్చాడు, మొదటి బాస్కెట్ పడటానికి ఐదో ఆట దాకా పట్టింది. ఏడాది సగటు 4.2. అదే డ్రాఫ్ట్‌లో పదిహేనో పిక్ యానిస్. సగటు 6.8, అదీ 15 ఆటలే గెలిచిన టీమ్‌లో. ఆ ఏప్రిల్‌లో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, ఒకడు రెండుసార్లు ఎంవీపీ (ఏడాది మేటి ఆటగాడు) అవుతాడు, ఇంకొకడు మొత్తం 151 ఆటలతో ముగిస్తాడు అని చెప్పగలిగేవాళ్లెవరు?

తేడా ఎక్కడుందంటే, యానిస్‌కి ఆ చెత్త టీమ్‌లో ఆటకి 24 నిమిషాలు దొరికాయి, 77 ఆటలాడాడు. బెనెట్‌కి పన్నెండు పదమూడు నిమిషాలు, ఏడాది తిరగ్గానే కెవిన్ లవ్ కోసం చేసిన ట్రేడ్‌లో మినెసోటాకి. అయితే నిమిషాలు దొరక్క చెడిపోయాడా, చెడ్డగా ఆడి నిమిషాలు పోగొట్టుకున్నాడా? పదేళ్లుగా దీనిమీద కొట్టుకుంటూనే ఉన్నాం.

---

మోకాలికి_ఐస్

నిమిషాల మాట వచ్చింది కాబట్టి నా గొడవ. నేను కాలేజీ టీమ్‌లో రెండేళ్లు బెంచ్ మీద ఉన్నదాన్ని. ఎన్‌బీఏకీ మాకూ పోలికే లేదు, నవ్వకండి. కానీ బెంచ్ మాత్రం ఎక్కడైనా బెంచే.

ఆట మొదలయ్యే ముందు వార్మప్‌లో వంద షాట్లు వేస్తాం, ఒళ్లు వేడెక్కుతుంది. తర్వాత నలభై నిమిషాలు కూర్చోవాలి. చెమట ఆరిపోతుంది. వేళ్లు చల్లబడతాయి. మోకాళ్లు బిగుసుకుంటాయి. టవల్ కింద చేతులు రుద్దుకుంటూ కూర్చుంటాం. కోచ్ ఒక్కసారి ఇటు చూస్తే గుండె జారుతుంది, పక్కదాన్ని పిలుస్తాడు. ఇంకోసారి చూసి నన్ను పిలిచాడు. బయట విసిరేసిన టవల్ నేల మీద పడిందో లేదో, బాల్ నా చేతికొచ్చేసింది. చెక్క దుంగ పట్టుకున్నట్టుంది. ఖాళీగానే ఉన్నా, వేయాల్సిన షాటే. కానీ ఆ అర సెకనులో తలలో నడిచింది షాట్ కాదు. "ఇది తప్పితే మళ్లీ ఎప్పుడు?"

వేయలేదు. పాస్ ఇచ్చా. అది అవతలివాళ్లకి దొరికింది. మళ్లీ కూర్చున్నా. మొత్తం యాభై సెకన్లు.

తప్పి కూర్చోవడం వేరు, తప్పుతానేమోనని వేయక కూర్చోవడం వేరు. షెపర్డ్ విషయంలో నేను చూసేది అదొక్కటే: ఖాళీ దొరికితే వేస్తున్నాడా, లేక ఫేక్ చేసి పాస్ ఇచ్చేస్తున్నాడా? వేసి తప్పితే నాకు బెంగ లేదు. వేయడం మానేస్తే బెంగ.

---

కార్నర్‌త్రీ

అక్కా, ఇది చదివాక పొద్దున్న ప్రాక్టీస్‌కి వెళ్లడానికి భయమేస్తోంది 😅

కానీ నిజం. మా కోచ్ అంటాడు, "తప్పు చేశాక నిన్ను ఎంతసేపు లోపల ఉంచుతానో అదే నా నమ్మకం" అని.

---

డంక్_దొర

[ఈ వ్యాఖ్యను అడ్మిన్ తొలగించారు]

---

అడ్మిన్

దొర గారూ, ఆటగాడి మీద ఎంతైనా రాయండి, తల్లిదండ్రుల జోలికి వెళ్లకండి. ఇదే మొదటి హెచ్చరిక, ఇదే చివరిది.

---

బెంచ్‌మీద_బాబాయ్

తొలగించకముందే చదివాలే దొరా. వాళ్ల నాన్న జెఫ్ షెపర్డ్ 1998లో కెంటకీకి కాలేజీ టైటిల్ గెలిపించి ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు టీమ్‌ల పోరులో) మేటి ఆటగాడయ్యాడు. అమ్మ కూడా కెంటకీ ఆటగత్తే, ఆవిడ పుట్టింటి పేరే కుర్రాడి పేరు. ఇంట్లో పొద్దున లేస్తే బాల్ చప్పుడే విని ఉంటాడు. అలాంటివాడికి ఒత్తిడి అంటే ఏంటో నువ్వూ నేనూ చెప్పాలా?

సరే, సాయంత్రం రాస్తానన్నా కదా. నా లెక్క వేరే. ఓపిక అనే మాటకి రెండు టీమ్‌లలో రెండు అర్థాలు.

మన టీమ్‌నే తీసుకోండి. 2022లో జబారీ స్మిత్ కూడా మూడో పిక్కే. మొదటి ఏడాది త్రీలు 30.7 శాతం. షెపర్డ్ కంటే తక్కువ! అయినా ఎవరూ థ్రెడ్ పెట్టలేదు. ఎందుకంటే ఆ ఏడాది మనం గెలిచినవి 22. ఓడిపోతామని అందరికీ తెలుసు, తప్పు చేసినా పోయేదేం లేదు. తప్పు చేశాక కూడా లోపలే ఉంచేవాళ్లు, ముప్పై నిమిషాలు. రెండో ఏడాది 36 దాటాడు. జేలెన్ గ్రీన్ రూకీగా ఉన్నప్పుడూ అంతే, 20 గెలుపులు, అడిగేవాడు లేడు.

షెపర్డ్ వచ్చిన ఏడాదే మనం బాగుపడ్డాం. అతని ఖర్మ అది. అతను చేసే ప్రతి తప్పుకీ ఇప్పుడు ఒక ధర ఉంది, ప్లేఆఫ్ స్థానం రూపంలో. బ్రూక్లిన్ నుంచి వచ్చిన పిక్ కాబట్టి మంచి టీమ్‌లో పడ్డాడు, లేకపోతే, ఓడే టీమ్‌లకి దక్కే మూడో పిక్ వాడు 52 గెలుపుల టీమ్‌లో ఎందుకుంటాడు?

ఇలాంటి చోట ఓపిక పేరుతో జరిగేది చాలాసార్లు మరిచిపోవడం. డెట్రాయిట్‌లో డార్కో మిలిచిచ్‌కి జరిగింది అదే. 2003లో రెండో పిక్. కార్మెలో, బాష్, వేడ్ కంటే ముందు. 34 ఆటలు, 1.4 పాయింట్లు, చేతికి 2004 టైటిల్ ఉంగరం. టీమ్‌కి తొందర లేదు, గెలుస్తోంది. ఆ కుర్రాడు మాత్రం కూర్చునే తుప్పు పట్టాడు. దాన్ని కూడా అప్పట్లో "ఓపిక" అనే అన్నారు.

---

పాత_లేకర్

ఇది బాగా చెప్పావు బాబాయ్. దానికి విరుగుడు కూడా ఉంది, టొరంటో చేసింది. సియాకమ్ 2016లో 27వ పిక్. రూకీగా మొదట్లో 38 ఆటలు స్టార్ట్ చేశాడు, తర్వాత కూర్చోబెట్టారు. కానీ వదిలేయలేదు. తమ కింది లీగ్ టీమ్ రాప్టర్స్ 905కి పంపారు, అక్కడ బాల్ చేతికిచ్చారు. ఆ లీగ్ టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ. రెండేళ్లకి అసలు ఎన్‌బీఏ టైటిలే. గోల్డెన్ స్టేట్ కూడా జోర్డన్ పూల్‌ని అలాగే పంపింది 2021లో. మొదటి ఏడాది అతని షూటింగ్ 33 శాతం, అదీ త్రీలు కాదు, మొత్తం షాట్లు! ఏడాది తిరిగేసరికి టైటిల్ టీమ్‌లో 18 పాయింట్లవాడు.

కింది లీగ్‌కి పంపడం శిక్ష అనుకునే రోజులు పోయాయి.

---

సమ్మర్‌లీగ్_సరోజ

ఎవరూ ఫిలడెల్ఫియా మార్కెల్ ఫుల్జ్ మాట ఎత్తలేదేం? 2017 మొదటి పిక్. ఫ్రీ త్రో వేస్తుంటే మధ్యలో చెయ్యి ఆగిపోయేది, వీడియోలు తిప్పుకుని నవ్వారు. "బుర్రలో సమస్య, ఓపిక పట్టండి" అన్నారు. ఏడాదిన్నర గడిచాక 2018 డిసెంబర్‌లో తేలింది, భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయే థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అని. ఫిలడెల్ఫియా రెండు నెలల్లో ఆర్లాండోకి పంపేసింది. ఆ తర్వాతి ఏడాది అక్కడ 72 ఆటలాడి సగటున 12 వేశాడు.

అక్కడ కావాల్సింది ఓపిక కాదు, డాక్టర్. కుర్రాడు తడబడుతుంటే ముందు ఒంట్లో ఏముందో చూడాలి. షెపర్డ్ బొటనవేలు పూర్తిగా నయమైందా అన్నది నాకు త్రీల శాతం కంటే ముఖ్యం.

పైగా తొందరపడి నవ్వినవాళ్లకి ఇంకో మాట. పోయిన జూలై సమ్మర్ లీగ్‌లో అలెక్స్ సార్ ఒక ఆటలో 15కి 15 తప్పాడు. ఇక్కడే ఈ వేదికలోనే ఎన్ని జోకులు! కాస్త ఆగితే ఆల్ రూకీ మొదటి టీమ్‌లోనే (ఏడాది మేటి ఐదుగురు రూకీల జాబితాలో) కనబడొచ్చు, చూస్తూ ఉండండి.

---

రాకెట్_రాజు

ఇవన్నీ ఒప్పుకుంటున్నా. అయినా టీమ్‌కి గడియారం ఉంటుంది కదా? డబ్బు సంగతేంటి?

---

లెక్కల_లింగం

ఉంది, కానీ నువ్వనుకున్నంత దగ్గర్లో లేదు. మొదటి రౌండ్ పిక్‌కి రెండేళ్లు గ్యారంటీ. మూడో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది రెండో సీజన్ మొదలయ్యే అక్టోబర్ 31 లోపు టీమ్ చెప్పాలి. నాలుగో ఏడాది సంగతి ఆ తర్వాతి అక్టోబర్ 31కి. అంటే కాగితం మీద నాలుగేళ్లు టీమ్ చేతిలోనే. మూడు సీజన్లు అయ్యాకే కొత్త ఒప్పందం మాట.

చిత్రమేంటంటే ఎంపిక ముందే చెప్పాల్సి రావడం వల్ల, టీమ్‌లు కూడా ఒక ఏడాది చూసి మూడో ఏడాది మీద పందెం కాస్తాయి. మూడో పిక్‌ని ఆ దశలో వదిలేయడం చాలా చాలా అరుదు. రెండో రౌండ్ వాళ్లకి, టూ-వే (ఎన్‌బీఏకీ జీ లీగ్‌కీ కలిపిన ఒప్పందం) వాళ్లకి ఈ భాగ్యం లేదు. వాళ్ల మీద ఎవరూ ఓపిక థ్రెడ్ కూడా పెట్టరు.

---

పిక్‌అండ్‌రోల్_పంతులు

ఒక్క సంగతి చెప్పి వెళ్తా. రాజు మొదటి పోస్ట్‌లో మనల్ని ఓడించిన హీల్డ్ గురించి రాశాడు. అతని రూకీ ఏడాది ఎవరికైనా గుర్తుందా? 2016లో ఆరో పిక్, న్యూ ఆర్లియన్స్. 57 ఆటలు, 39 శాతం షూటింగ్, సగటు 8.6. "కాలేజీ షూటరే, ఇక్కడ పనికిరాడు" అన్నారు. స్టార్ ఆటగాడు కజిన్స్ దొరికాడని ఫిబ్రవరిలోనే శాక్రమెంటోకి పంపేశారు. అక్కడ మిగిలిన రెండు నెలలు సగటు 15.

స్టార్ కోసం రూకీ షూటర్‌ని ఇచ్చేశారు. రాజు అడిగిన ట్రేడ్ అచ్చం ఇదే.

---

రాకెట్_రాజు

...

దెబ్బ గట్టిగా తగిలింది పంతులు గారూ.

---

డంక్_దొర

న్యూ ఆర్లియన్స్ చేసింది తప్పేం కాదు. కజిన్స్ అప్పుడు టాప్ ఆటగాడు. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ చేస్తారు. తర్వాత కజిన్స్ మడమ దగ్గర అకిలిస్ నరం తెగడం వాళ్ల దురదృష్టం.

---

బెంచ్‌మీద_బాబాయ్

అదీ నిజమే. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

---

రాకెట్_రాజు | సెప్టెంబర్ 2025

పాత థ్రెడ్ పైకి తెస్తున్నా, క్షమించాలి. వ్యాన్‌వ్లీట్‌కి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) పోయింది. వేసవిలో డ్యురాంట్ వచ్చాడు, గ్రీన్ వెళ్లాడు, షెపర్డ్ మిగిలాడు. ఇప్పుడు బాల్ పట్టుకుని ఆడించేవాడు ఎవరు మనకి?

---

కార్నర్‌త్రీ

ఏమెన్ థాంప్సన్ అంటున్నారు. బెంచ్ నుంచి షెపర్డ్. ఈసారి నిమిషాలు తప్పించుకోలేడు 😀

---

మోకాలికి_ఐస్

ఇలా దొరకడం ఎవరికీ ఇష్టం ఉండదు, పక్కవాడి మోకాలు పోతే దొరికిన చోటు. కానీ దొరికినవన్నీ దాదాపు ఇలాగే దొరుకుతాయి.

---

పిక్‌అండ్‌రోల్_పంతులు

పాదాలు చూడండి. మళ్లీ చెప్తున్నా, పాదాలు.

---

రాకెట్_రాజు | నవంబర్ 27, 2025

చూశారా??? అదే వారియర్స్ మీద, వాళ్ల ఊళ్లో, డ్యురాంట్ లేకుండా. 31 పాయింట్లు! 104-100!

---

డంక్_దొర

ఒక్క ఆట. పోయిన మార్చిలో 25 వేసినప్పుడూ ఇలాగే గెంతారు. స్క్రీన్ మీద ఇంకా వేటాడుతూనే ఉన్నారు, నేను చూస్తున్నా.

---

లెక్కల_లింగం

దొర గారితో రెండోసారి ఏకీభవిస్తున్నా. భయంగా ఉంది.

---

మోకాలికి_ఐస్

నేను పాయింట్లు లెక్కపెట్టలేదు. తప్పాక ఏం చేస్తున్నాడా అని చూశా. తప్పాడు, వెనక్కి పరిగెత్తి డిఫెన్స్ ఆడాడు, మళ్లీ ఖాళీ దొరికితే మళ్లీ వేశాడు. బెంచ్ వైపు చూడలేదు. చాలు నాకు.

---

రాకెట్_రాజు

అడ్మిన్ గారూ, ఈ థ్రెడ్ శీర్షిక మార్చడం కుదురుతుందా? చూసినప్పుడల్లా సిగ్గేస్తోంది.

---

అడ్మిన్

కుదరదు రాజు గారూ. పోస్ట్ పెట్టిన 24 గంటల వరకే మార్చుకునే వీలు. మీరు ఆరు నెలలు ఆలస్యం.

---

బెంచ్‌మీద_బాబాయ్

ఉండనీ రాజూ. వచ్చే డ్రాఫ్ట్ అయ్యాక పేరొక్కటి మార్చుకుని మళ్లీ వాడుకోవచ్చు.